శమంతకోపాఖ్యానం: నింద పడ్డాక ఏం చెయ్యాలి?

వినాయక చవితి వస్తోంది. పత్రి పూర్తిగా దొరికినా దొరక్కపోయినా, ఉండ్రాళ్ళు కుదిరినా కుదరకపోయినా, చేతిలో అక్షింతలు పట్టుకుని శమంతకమణి కథ వినందే మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ పూజ పూర్తి కాదు. కథ విని అక్షింతలు తలమీద వేసుకుంటే, ఆ రాత్రి పొరపాటున చంద్రుణ్ణి చూసినా నీలాపనిందలు రావని పెద్దలు చెప్పారు. చిన్నప్పటినుంచీ ఏటా వింటున్న కథే కదా అని, నిజం చెప్పాలంటే, కథ జరుగుతున్నంతసేపూ మా ధ్యాస నైవేద్యం మీదే ఉండేది.

2018లో చవితినాడు పదేళ్ళ మా అమ్మాయి ఆ ధ్యాస తప్పించింది. మేము తెలుగులో చదువుతూ మధ్యమధ్యలో తనకు ఇంగ్లీషులో చెబుతున్నాము. సత్రాజిత్తు కృష్ణుడి మీద దొంగతనం, హత్య అంటగట్టాడనీ, కృష్ణుడు అడవికి వెళ్ళి మణిని వెతికి తెచ్చి ఇచ్చాడనీ చెప్పగానే, "సత్రాజిత్తు సారీ చెప్పాడా?" అని అడిగింది. చెప్పాడు, పశ్చాత్తాపపడి సత్యభామను ఇచ్చి పెళ్ళి చేశాడు అన్నాము. "అది తరవాత కదా నాన్నా. అడవికి వెళ్ళేముందు చెప్పాడా?" అంది.

లేదు. అడవికి వెళ్ళేముందు చెప్పలేదు.

ఆ రాత్రి భాగవతం దశమ స్కంధం తీసి ఆ ఘట్టం మళ్ళీ చదివాము. వ్రతకథలో క్లుప్తంగా ఉన్నది అక్కడ కొంచెం విస్తారంగా ఉంటుంది. సత్రాజిత్తు సూర్యభక్తుడు. సూర్యుడిచ్చిన ఆ మణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుంది. దాన్ని ఉగ్రసేన మహారాజుకు ఇవ్వమని కృష్ణుడు ఒకసారి అడిగాడు. సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. తరవాత అతని తమ్ముడు ప్రసేనుడు ఆ మణిని మెడలో వేసుకుని వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. తమ్ముడు రాలేదు, మణి రాలేదు, మణిని అడిగిన మనిషి మాత్రం ద్వారకలోనే ఉన్నాడు. కృష్ణుడే చంపి ఉంటాడని సత్రాజిత్తు అన్నాడు. విన్నవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు ఊదారు.

ఇక్కడ మేము ఇన్నేళ్ళుగా గమనించని సంగతి ఒకటుంది. ఆ నింద వేసినవాడు పగవాడు కాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్న.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు 2014లో పోయారు. పోవడానికి రెండు రోజుల ముందు అన్నయ్య ఫోన్ చేసి, నాన్నకు గుండెల్లో మంటగా ఉందిరా అన్నాడు. మేము డ్యూటీలో ఉన్నాము. "గ్యాస్ కావచ్చు, మాత్ర వెయ్యండి, అయినా రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఇ.సి.జి. తీయించండి" అని చెప్పి పెట్టేశాము. మర్నాడు తీయించారో లేదో కనుక్కోలేదు. వరసగా పనులు, పైగా మనకు పగలైతే వాళ్ళకు రాత్రి. మూడో రోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. టిక్కెట్టు దొరికి, విమానాలు మారి ఊరు చేరేసరికి దహనం అయిపోయింది.

పదో రోజున బంధువులందరూ ఉండగా అన్నయ్య అన్నాడు: "అమెరికాలో పెద్ద డాక్టరు. కన్నతండ్రికి గుండెపోటు వస్తే గ్యాస్ మాత్ర వేసుకోమన్నాడు." ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా మేనత్త మా ముఖంలోకి చూసి తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం అన్నయ్య మాటకంటే ఎక్కువ కాలం గుర్తుండిపోయింది.

తరవాత నాలుగేళ్ళు అన్నయ్యతో మాటలు లేవనే చెప్పాలి. అమ్మ మందులకు డబ్బు పంపడం, "చేరింది" అని జవాబు రావడం, అంతే. కానీ మనసులో మాత్రం రోజూ మాట్లాడుతూనే ఉన్నాము. కారు నడుపుతున్నప్పుడు, స్నానం చేస్తున్నప్పుడు, ఆ పదో రోజు సభ మళ్ళీ పెట్టి, మేము చెప్పవలసిన జవాబు చెప్పి, అందరి ముందూ గెలుస్తూ ఉండేవాళ్ళం. అదేమి విజయమో గాని, ఎన్నిసార్లు గెలిచినా మర్నాడు మళ్ళీ మొదలే.

భగవద్గీత రెండో అధ్యాయంలో భగవానుడు మనిషి పతనానికి ఒక వరస చెబుతాడు. విషయాలను అదేపనిగా ధ్యానించేవాడికి వాటిమీద సంగం పుడుతుంది, సంగంవల్ల కామం, కామంవల్ల క్రోధం, ఆ వెనక మోహం, స్మృతి చెదరడం, చివరకు బుద్ధి నశించడం. మనం దీన్ని ఎప్పుడూ ధనం, భోగం గురించే అన్వయిస్తాము. కానీ ఆ వరస మొదట ఉన్న మాట ధ్యానం. నాలుగేళ్ళు ఉదయం, సాయంత్రం మేము నిష్ఠగా చేసింది ధ్యానమే. జపించింది మాత్రం అన్నయ్య అన్న మాట.

డాక్టర్లం కాబట్టి శరీరం సంగతి కూడా చెప్పాలి. పాత అవమానం గుర్తుచేసుకుంటున్నప్పుడు, అది ఎప్పటిదో అన్న లెక్క శరీరానికి అంతగా పట్టదు. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. మిషిగన్ రాష్ట్రంలోని హోప్ కాలేజీలో షార్లట్ విట్వ్లీట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, మరి ఇద్దరు కలిసి 71 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేసి 2001లో ప్రచురించారు. తమను నిజంగా బాధపెట్టిన మనిషిని తలుచుకోమన్నారు. ఒకసారి పగతో, మరోసారి అదే మనిషిని క్షమిస్తున్నట్టుగా. పగతో తలుచుకున్నప్పుడు గుండె వేగం, రక్తపోటు, చర్మంలో చెమట, కనుబొమల దగ్గరి కండరాల బిగువు ఎక్కువగా కనిపించాయి. మనిషి అదే, జరిగిందీ అదే, తలుచుకునే తీరు ఒక్కటే మారింది. దీన్నిబట్టి క్షమించనివాళ్ళందరికీ గుండెజబ్బు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ ప్రయోగం అంత మాట చెప్పలేదు. రాత్రి పన్నెండింటికి మంచంమీద పడుకుని, ఎనిమిదివేల మైళ్ళ అవతల హాయిగా ఉన్న మనిషితో పోట్లాడుతుంటే నిద్ర ఎందుకు పట్టదో మాత్రం దానివల్ల అర్థమవుతుంది.

మళ్ళీ కథలోకి వద్దాము. నింద పడ్డాక కృష్ణుడు ఏం చేశాడు? సత్రాజిత్తు ఇంటికి వెళ్ళి తగాదా పెట్టుకోలేదు. ఊరుకోనూ లేదు. నలుగురు పురజనులను వెంటపెట్టుకుని ప్రసేనుడు వెళ్ళిన దారినే వెళ్ళాడు. ప్రసేనుడి శవం, గుర్రం కనబడ్డాయి. సింహం చంపినట్టు తెలిసింది. ముందుకు వెళితే సింహమూ చచ్చి పడి ఉంది. భల్లూకం అడుగులు ఒక గుహలోకి దారితీశాయి. వెంట వచ్చినవాళ్ళను బయటే ఉంచి ఆయన ఒక్కడే ఆ చీకట్లోకి వెళ్ళాడు. బయట ఉన్నవాళ్ళు 12 రోజులు చూసి, ఇక రాడని ఏడుస్తూ ఇంటికి వెళ్ళిపోయారు. లోపల జాంబవంతుడితో యుద్ధం 28 రోజులు.

ఆ గుహ గురించి చాలా ఆలోచించాము. నిందలో నిజమెంతో తేల్చుకోవడానికి మనిషి ఒంటరిగా వెళ్ళవలసిన చోటు ఒకటుంటుంది. కృష్ణుడి మీద పడ్డది పూర్తిగా అబద్ధం. మన మీద పడేవి చాలావరకు అలా ఉండవు. మా మీద పడ్డదీ అంతే. గ్యాస్ మాత్ర ఒక్కటే వేసుకోమన్నామన్నది అబద్ధం, ఇ.సి.జి. తీయించమని స్పష్టంగా చెప్పాము. కానీ ఫోన్లో మొదట వచ్చిన మాట "గ్యాస్ కావచ్చు" అన్నదే. అంత వయసున్న మనిషికి, పైగా షుగరున్న మనిషికి గుండెల్లో మంట అంటే "రేపు" అనకూడదు, "ఇప్పుడే" అనాలి. మా దగ్గరకు వచ్చే పేషెంటైతే అలాగే అని ఉండేవాళ్ళం. మర్నాడు మళ్ళీ ఫోన్ చెయ్యకపోవడం మా తప్పు, అందులో అన్నయ్య వాటా ఏమీ లేదు. నాలుగేళ్ళపాటు అబద్ధపు సగాన్ని పట్టుకుని వాదించుకున్నది, నిజమైన సగంవైపు చూడవలసి వస్తుందనే.

(మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాము. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు ఛాతీలో మంట, బరువు, అకారణంగా చెమట, ఆయాసం అని ఫోన్లో చెబితే, మీరు డాక్టరైనా కాకపోయినా, గ్యాస్ అని మీరే తేల్చెయ్యకండి. షుగరున్నవాళ్ళలో గుండెపోటు అసలు నొప్పి లేకుండా కూడా రావచ్చు. వెంటనే ఆస్పత్రికి పంపండి. వెళ్ళారో లేదో మళ్ళీ కనుక్కోండి.)

మణితో తిరిగి వచ్చాక కృష్ణుడు సత్రాజిత్తును రాజసభకు పిలిపించాడు. మణి ఎలా దొరికిందో ఉగ్రసేనుడి ఎదుట వివరంగా చెప్పి, మణిని అతని చేతిలో పెట్టాడు. అంతే. పదిమందిలో పడ్డ నిందకు పదిమందిలోనే సమాధానం చెప్పాడు గాని, ఎదురు నింద వెయ్యలేదు. సత్రాజిత్తు తలవంచుకుని మణి తీసుకుని ఇంటికి వెళ్ళి కుమిలిపోయాడు. ఈ తప్పు ఎలా కడుక్కోవాలని తనంతట తనే ఆలోచించుకున్నాడు. సత్యభామనూ మణినీ కూడా తెచ్చి ఇస్తే, కృష్ణుడు సత్యభామను స్వీకరించి మణి నీ దగ్గరే ఉంచుకోమన్నాడు.

క్షమ అంటే ఏదైనా పడి ఉండటమే అనుకునేవాళ్ళు ఆ తరవాతి కథ కూడా చదవాలి. శతధన్వుడు నిద్రలో ఉన్న సత్రాజిత్తును చంపి మణి ఎత్తుకుపోయాడు. కృష్ణుడు వాణ్ణి మిథిలదాకా తరిమి చంపాడు. తనమీద పడ్డ నిందను వదిలేసినవాడే, తనను నిందించిన మామగారి హత్యను మాత్రం వదల్లేదు. మనకు జరిగిన అవమానం మనం వదులుకోవచ్చు. మరొకరికి జరిగిన అన్యాయాన్ని వదిలెయ్యడానికి మనకు అధికారం లేదు. గీత పదహారో అధ్యాయంలో దైవీసంపద చెబుతూ తేజస్సు, క్షమ పక్కపక్కనే లెక్కపెట్టడం ఇందుకేనని మాకు తోస్తుంది. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదిస్తూ, ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాట గుర్తుచేస్తుంది. ఎప్పుడూ తేజస్సే మంచిది కాదు, ఎప్పుడూ క్షమే మంచిది కాదు అని. ధర్మరాజు క్షమ గొప్పతనం చెప్పి జవాబిస్తాడనుకోండి, కానీ ద్రౌపది ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది. కాబట్టి ఇంట్లో చెయ్యి చేసుకునే భర్తనో, పిల్లలమీద దారుణం చేసిన బంధువునో "క్షమించి సర్దుకుపో" అని ఏ ఆడపిల్లకూ మన గుడి మెట్లమీద ఎవరూ చెప్పకూడదు. ముందు ఆ మనిషికి అందని దూరానికి వెళ్ళాలి, అవసరమైతే 911కు ఫోన్ చెయ్యాలి. క్షమించడం, మానడం ఆ తరవాత ఆమె ఇష్టం, ఆమె తీరిక.

ఆ కథలోనే ఇంకో ముడి ఉంది. శతధన్వుడి దగ్గర మణి దొరకలేదు. అప్పటికే వాడు అక్రూరుడికి ఇచ్చేశాడు. దొరకలేదని కృష్ణుడు చెబితే, సొంత అన్న బలరాముడికే పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆ సంగతి కృష్ణుడే తరవాత అక్రూరుడితో అంటాడు, మా అన్నకు ఈ మణి విషయంలో నా మీద నమ్మకం లేదు, ఒకసారి మనవాళ్ళందరికీ చూపించు అని. అక్రూరుడు తెచ్చి చూపించాడు. అనుమానం తీరిపోయాక మణిని మళ్ళీ అక్రూరుడికే ఇచ్చేశాడు. అవతారపురుషుడికే అన్నదమ్ముల మధ్య ఇది తప్పలేదు!

ఆ చవితి అయిన వారానికి అన్నయ్యకు ఫోన్ చేశాము. ఏం చెప్పాలో ముందే కాగితంమీద రాసుకున్నాము, లేకపోతే నాలుగేళ్ళ వాదనంతా బయటికి వస్తుందని భయం. "అన్నయ్యా, ఆ రోజు నేను ఇప్పుడే తీసుకెళ్ళమనాల్సింది. మర్నాడు ఫోన్ చెయ్యకపోవడం నా తప్పు. ఇ.సి.జి. సంగతి మాత్రం చెప్పాను, అది నీకు గుర్తుందో లేదో" అన్నాము. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాము. అప్పుడు అన్నాడు: "గుర్తుందిరా. మర్నాడు మాత్ర వేస్తే తగ్గింది కదా అని నేనే తీసుకెళ్ళలేదు."

నాలుగేళ్ళు ఆయన మోసినది అదన్నమాట. పదో రోజున మా మీద పడ్డ మాటలో సగం ఆయన తననే అనుకున్న మాట. మాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. ఫోన్ పెట్టేశాక గంటసేపు వచ్చింది. తెలిసి కూడా పదిమందిలో ఎందుకన్నాడని. కానీ తమ్ముడి శవం ఇంకా దొరకనివాడి నోటినుంచి వచ్చిన మాటకు కృష్ణుడు ఎంత బరువిచ్చాడో, తండ్రిని పోగొట్టుకుని పది రోజులైనవాడి మాటకు మేమూ అంతే ఇవ్వవలసింది.

క్షమ అన్న మాటకు సంస్కృతంలో భూమి అని కూడా అర్థం. ఓర్చుకునేది, భరించేది అని. భరించడమంటే బరువు లేదని కాదు. ఎవరెట్ వర్తింగ్టన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్షమను రెండుగా విడదీసి చెప్పారు. ఇక పగ తీర్చుకోను, మనిషిగా చూస్తాను అని నిర్ణయించుకోవడం ఒకటి. లోపలి కోపం, బాధ కరగడం రెండోది. మొదటిది ఒక పూటలో జరగవచ్చు, రెండోది దాని తీరున అది జరుగుతుంది. ఆయన పుస్తకాల్లో మాత్రమే చెప్పిన మనిషి కాదు, దొంగతనానికి వచ్చినవాళ్ళ చేతిలో ఆయన తల్లే హతమైంది. ఈ రెండూ ఒకటే అనుకోవడంవల్ల మనలో చాలామంది బాధపడుతుంటారు. క్షమించానని దేవుడి ముందు అనుకున్నాను, మళ్ళీ కోపం వస్తోంది, అంటే నా భక్తి బూటకమా అని అడుగుతారు. కాదు. మట్టి వినాయకుణ్ణి నిమజ్జనం చేసినప్పుడు చూడండి. ఇక్కడ చెరువుల్లో కలపడానికి చాలాచోట్ల ఒప్పుకోరు కాబట్టి మేము పెరట్లో బకెట్టులో చేస్తాము. ఉద్వాసన చెప్పడం ఒక్క నిమిషం. మట్టి పూర్తిగా కరగడానికి మర్నాటిదాకా పడుతుంది, చెవులు ముందు పోతాయి, పొట్ట చివర. (రంగులేసిన ప్లాస్టర్ బొమ్మైతే వారమైనా కరగదు. ఈసారైనా మట్టిది కొనండి.) మాకు ఇప్పటికీ నాన్నగారి తద్దినం దగ్గరపడితే మేనత్త తల తిప్పుకోవడం గుర్తుకొస్తుంది. వస్తే ఒకటి చేస్తాము. పూజ చివర, మంత్రంలో, క్రియలో, భక్తిలో జరిగిన లోపాలకు క్షమాపణ చెప్పుకుంటాము కదా, అది చదివేటప్పుడు మా లోపం ముందు తలుచుకుని, తరవాత అన్నయ్య పేరు, మేనత్త పేరు మనసులో అనుకుంటాము. ఏ శాస్త్రంలో ఉందని అడగకండి, మేము అలవాటు చేసుకున్నది.

మన ఇళ్ళల్లో అతిథులు వెళ్ళేటప్పుడు, "ఏమైనా లోటు జరిగితే మనసులో పెట్టుకోకండి" అంటాము. కూరలో ఉప్పు ఎక్కువైనందుకు అంటాము. అన్నదమ్ముల మధ్య ఆస్తి పంపకాల్లో, అత్తాకోడళ్ళ మధ్య, ఆఖరికి గుడి కమిటీలో లెక్కల దగ్గర మాటామాటా వచ్చినప్పుడు మాత్రం ఆ మాట ఎవరి నోటా రాదు. ఈ గుడిలోనే, ఒకప్పుడు కలిసి ఇటుకలు మోసిన రెండు కుటుంబాలు ఇప్పుడు ప్రసాదం వరసలో ఎడమొహం పెడమొహంగా నిలబడటం మేమే కాదు, మీరూ చూశారు. ఎవరిది తప్పో మాకు తెలియదు. చెవిలో ఊదినవాళ్ళలో మేమూ ఉండవచ్చు.

పోయిన నెల అన్నయ్య ఫోన్ చేశాడు. ఇరవై ఒక్క పత్రి అక్కడ ఎలా దొరుకుతాయిరా అని అడిగాడు. మాచీపత్రి, విష్ణుక్రాంతం దొరకవు, ఇండియన్ స్టోర్లో ప్యాకెట్టు అమ్ముతారు గాని అందులో సగం ఒకటే ఆకు అని చెప్పాము. దానిమ్మ, తులసి పెరట్లో ఉన్నాయి. గరిక కూడా ఉంది, లాన్ వేసినవాడు కలుపు అని పీకేస్తానంటే వద్దన్నాము. అన్నయ్య నవ్వాడు. మిగిలినవాటికి అక్షింతలు వేసెయ్యరా, నాన్న కూడా అలాగే చేసేవాడు అన్నాడు.